ఒక రోజు మొదలై, మరో రోజు మొరాయించే ఆర్డోర్: వీణ రికార్డింగ్ పని ఎంతవరకు వచ్చింది

మా అమ్మగారు వాయించే వీణ కృతులను ఇంట్లోనే రికార్డు చేసి భద్రపరిచే పని కొంతకాలంగా సాగుతోంది. ఇందుకు ఉబుంటు 22.04 అనే లినక్స్ వ్యవస్థ నడిచే డెస్క్‌టాప్ కంప్యూటరును, విడిగా అడాప్టరు, స్విచ్చి ఉన్న రెండు ఇన్‌పుట్‌ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌ను, ఒక కండెన్సర్ మైకును వాడుతున్నాను. రికార్డింగు ఆర్డోర్ అనే ఆడియో రికార్డింగ్ అప్లికేషనులో జరుగుతుంది. దాని కింద సౌండ్ కార్డును నడిపించేది జాక్ సర్వరు, ఆ సర్వరును మొదలుపెట్టి ఆపేది క్యూజాక్‌సీటీఎల్ అనే చిన్న అప్లికేషను. ఆర్డోర్‌ను, జాక్‌ను మొదట రాసినవారు పాల్ డేవిస్ ఒక్కరే కాబట్టి ఈ రెండింటి జోడింపు మీద నాకు మొదటి నుంచీ నమ్మకం ఉంది. అయినా ఈ విడతలో కృతుల సంగతి పక్కన పెట్టి, సర్వరు ఒక రోజు మొదలై మరో రోజు మొదలు కాకపోవడానికి కారణం వెతకవలసి వచ్చింది. శ్రుతి చేసి, ఫ్యాను ఆపి, వీణ ముందు కూర్చున్న మనిషిని కంప్యూటరు కోసం కాచుకోమనడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

లోపం రెండు రకాలుగా కనిపించేది. కొన్ని రోజులు క్యూజాక్‌సీటీఎల్‌లో స్టార్ట్ నొక్కగానే సర్వరు ఆగిపోయేది, ఆర్డోర్ ఆడియో ఇంజిన్‌ను మొదలుపెట్టలేకపోతున్నానని చెప్పేది. కొన్ని రోజులు సర్వరు నడుస్తున్నట్టే కనిపించేది, ఆర్డోర్ కూడా తెరుచుకునేది, కానీ హెడ్‌ఫోన్‌లో శబ్దం ఉండేది కాదు, అవుట్‌పుట్ పోర్టులే జాబితాలో ఉండేవి కావు. మిగిలిన రోజుల్లో అన్నీ సవ్యంగా నడిచేవి. కంప్యూటరును రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు సరైపోయేది, అందువల్లనే అసలు కారణం అంతకాలం బయటపడలేదు.

ఇలా ఉండీ లేనట్టుండే లోపాన్ని పట్టుకోవాలంటే పని చేయని రోజుల సంగతి మాత్రమే రాసుకుంటే సరిపోదు. పని చేసిన రోజు పరిస్థితిని కూడా అంతే శ్రద్ధగా రాసి పక్కపక్కన పెడితేనే తేడా కంటికి కనిపిస్తుంది. నోటుపుస్తకంలో ప్రతి ఆరంభానికీ నాలుగు విషయాలు రాయడం మొదలుపెట్టాను: ఇంటర్‌ఫేస్ స్విచ్చిని కంప్యూటరు కంటే ముందు వేశానా, తరువాత వేశానా, వెబ్‌క్యామ్ తగిలించి ఉందా, బ్రౌజరు తెరిచి ఉందా, క్యూజాక్‌సీటీఎల్ మెసేజెస్ కిటికీలో చివరి పంక్తులు ఏమిటి. వీటితోపాటు టెర్మినల్‌లో క్యాట్ ఆదేశంతో /ప్రాక్/అసౌండ్/కార్డ్స్ అనే ఫైలు చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకున్నాను. కంప్యూటరులో ఉన్న సౌండ్ కార్డులన్నిటినీ సున్నా నుంచి వరుస నంబర్లతో చూపించే చిన్న ఫైలు అది.

సమాధానం ఆ ఫైలులోనే దొరికింది. పని చేసిన రోజున మదర్‌బోర్డు ఆడియోకు 0, ఇంటర్‌ఫేస్‌కు 1, వెబ్‌క్యామ్‌లోని మైకుకు 2 ఉన్నాయి. పని చేయని రోజున 0 మారలేదు, కానీ వెబ్‌క్యామ్ 1 అయింది, ఇంటర్‌ఫేస్ 2 అయింది. క్యూజాక్‌సీటీఎల్ సెట్టింగులో మాత్రం ఎప్పటినుంచో హెచ్‌డబ్ల్యూ:1 అని, అంటే 1వ నంబరు కార్డును తెరవమని ఉంది. అంటే సర్వరు తనకు చెప్పిన తలుపునే ప్రతిసారీ తడుతోంది, లోపల ఉంటున్నవారే మారుతున్నారు.

నంబర్లు ఎందుకు మారుతున్నాయన్నది కూడా తేలింది. లినక్స్ కెర్నెల్‌లో సౌండ్ కార్డులను చూసుకునే ఆల్సా, ప్రత్యేకంగా చెప్పకపోతే, కార్డులు కనబడిన క్రమంలో వాటికి నంబర్లు ఇస్తుంది. యూఎస్‌బీ కార్డు 0వ నంబరును ఆక్రమించి మదర్‌బోర్డు ఆడియోను వెనక్కి నెట్టకుండా ఉబుంటు ముందుగానే ఒక ఏర్పాటు చేసింది, /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి అనే ఫోల్డరులోని ఆల్సా-బేస్ ఫైలులో యూఎస్‌బీ ఆడియో డ్రైవరుకు ఇండెక్స్ మైనస్ 2 అని రాసి ఉండటానికి కారణం అదే. అయితే ఒకే డ్రైవరు కింద నడిచే రెండు యూఎస్‌బీ పరికరాలలో ఏది ముందు, ఏది వెనుక అన్నది ఆ పంక్తి తేల్చదు. వెబ్‌క్యామ్‌కు కరెంటు కంప్యూటరు నుంచే అందుతుంది కనుక అది వెంటనే సిద్ధమవుతుంది. ఇంటర్‌ఫేస్ స్విచ్చి ఆలస్యంగా వేసిన రోజున 1వ నంబరు వెబ్‌క్యామ్‌కు పోతుంది. రీస్టార్ట్ చేసే సమయానికి ఇంటర్‌ఫేస్ అప్పటికే వెలుగుతూ ఉంటుంది కాబట్టి దానికి మళ్లీ 1 దక్కే అవకాశం ఉంటుంది, మనకేమో రీస్టార్ట్ వల్లనే బాగైందనిపిస్తుంది.

శబ్దం రాని రోజుల చిక్కు కూడా దీనితోనే విడిపోయింది. వెబ్‌క్యామ్‌లో మైకు ఉంది కానీ స్పీకరు లేదు. జాక్ దానిని తెరవబోయినప్పుడు, ప్లేబ్యాక్‌కు పరికరం తెరుచుకోవడం లేదు కనుక క్యాప్చర్, అంటే శబ్దాన్ని లోపలికి తీసుకోవడం మాత్రమే నడుపుతానని మెసేజెస్ కిటికీలో ఒక పంక్తి రాసి ముందుకు సాగుతుంది. ఆ పంక్తి చదవనివారికి సర్వరు సవ్యంగా నడుస్తున్నట్టే ఉంటుంది. అందుకే స్టార్ట్ నొక్కాక ఆకుపచ్చ దీపాన్ని కాకుండా మెసేజెస్ కిటికీని చూడమని ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి గట్టిగా చెబుతాను.

మందు సులువైనదే. కార్డ్స్ ఫైలులో ప్రతి నంబరు పక్కన చదరపు కుండలీకరణాల మధ్య ఒక పొట్టి పేరు ఉంటుంది. క్యూజాక్‌సీటీఎల్‌లో సెటప్ తెరిచి, పారామీటర్స్ కింద ఇంటర్‌ఫేస్ పెట్టెలో హెచ్‌డబ్ల్యూ:1 తీసేసి, హెచ్‌డబ్ల్యూ అని, కోలన్ పెట్టి, ఆ పొట్టి పేరును పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా పోకుండా టైపు చేశాను. అడ్వాన్స్‌డ్ భాగంలో ఇన్‌పుట్ పరికరానికి, అవుట్‌పుట్ పరికరానికి విడిగా నంబర్లు ఇచ్చి ఉంటే వాటిని కూడా మార్చాలి, లేకపోతే పైన మార్చిన పేరుకు విలువ ఉండదు. ఆ తరువాత స్విచ్చిని ముందు వేసి, వెనుక వేసి, వెబ్‌క్యామ్ తీసి, పెట్టి అన్ని విధాలా పరీక్షించాను. నంబర్లు మారుతూనే ఉన్నాయి, సర్వరు మాత్రం ప్రతిసారీ ఇంటర్‌ఫేస్‌నే తెరుస్తోంది.

ఒకే తయారీ పరికరాలు రెండు ఉన్నవారికి ఈ పద్ధతి చాలదు. రెండవదాని పేరు చివర _1 చేరుతుంది, ఏది మొదటిదన్నది మళ్లీ కనబడిన క్రమం మీదనే ఆధారపడుతుంది. వేర్వేరు తయారీ పరికరాలుండి, పేరుతో కాక నంబరుతోనే నడపదలచినవారు ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశం చూపించే తయారీ, ఉత్పత్తి సంకేతాలను అదే మోడ్‌ప్రోబ్ ఫోల్డరులో ఇండెక్స్‌తోపాటు రాసి నంబరును స్థిరపరచుకోవచ్చు.

పేరు మార్చిన తరువాత కూడా, అరుదుగా, పరికరం వేరొకరి వాడుకలో ఉందని సర్వరు ఆగిపోయేది. ఇది వేరే లోపం. అలాంటప్పుడు /డెవ్/ఎస్ఎన్‌డి ఫోల్డరులోని ఫైళ్లన్నిటి మీద ఫ్యూజర్ మైనస్ వి ఆదేశం ఇస్తే ఆ కార్డును ఏ ప్రక్రియ పట్టుకుందో తెలుస్తుంది. నా విషయంలో అది మామూలు అప్లికేషన్ల శబ్దాన్ని చూసుకునే పల్స్‌ఆడియో. బ్రౌజరులో పాట ఆడుతున్నప్పుడు దానికోసం ఇంటర్‌ఫేస్‌ను తెరిచి ఉంచుతోంది. దాని సెట్టింగులు మార్చే పావుకంట్రోల్‌లో కాన్ఫిగరేషన్ పేజీకి వెళ్లి ఇంటర్‌ఫేస్ ప్రొఫైలును ఆఫ్ చేశాను. ఇప్పుడు బ్రౌజరు శబ్దం మదర్‌బోర్డు నుంచి వస్తుంది, ఇంటర్‌ఫేస్ జాక్‌కు మాత్రమే ఉంటుంది. రికార్డింగు చేసే కంప్యూటరులో ఈ విభజన మొదటి రోజునే చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

జాక్‌ను బలవంతంగా చంపిన తరువాత మళ్లీ మొదలు కాకపోతే, జాక్‌డీ అనే సర్వరు ప్రక్రియ ఇంకా బతికి ఉందేమో పీగ్రెప్‌తో చూడాలి. లేదని తేలాకనే /డెవ్/ఎస్‌హెచ్‌ఎం లో జాక్ పేరుతో మిగిలిన ఫైళ్లను తొలగించాలి.

సర్వరు మొదలు కాకపోతే బఫరును, అంటే శబ్దాన్ని కాసేపు నిలవ ఉంచే జాగాను పెంచమనే సలహా తరచుగా వినిపిస్తుంది. నేను 48,000 శాంపిల్ రేటు, 256 ఫ్రేములు, 3 పీరియడ్లు వాడుతున్నాను, దీనికి ఆలస్యం 16 మిల్లీసెకన్లు. ఈ అంకెలు గానీ, ఆడియో గ్రూపుకు ఇచ్చే రియల్‌టైమ్ ప్రాధాన్యం 95 గానీ రికార్డింగు మధ్యలో వచ్చే చిటపటలకు సంబంధించినవి. ఏ కార్డు తెరుచుకోవాలో అవి నిర్ణయించవు, కాబట్టి కారణం వెతుకుతున్నంతసేపూ వాటిని కదపలేదు. ఒకేసారి రెండు మార్పులు చేసి ఉంటే నోటుపుస్తకంలోని పాత పంక్తులతో పోల్చడానికి వీలుండేది కాదు.

ప్రస్తుతం వర్ణం, రెండు కృతులు నిరాటంకంగా రికార్డయ్యాయి. ఉబుంటు 24.04లో పల్స్‌ఆడియో స్థానంలో పైప్‌వైర్ నడుస్తుంది, జాక్ అప్లికేషన్లను కూడా అదే చూసుకోగలదు. దానిని వేరే డిస్కులో వేసి, ఇదే ఇంటర్‌ఫేస్‌ను, ఇదే వెబ్‌క్యామ్‌ను తగిలించి, స్విచ్చి ముందు వేసినప్పుడు, వెనుక వేసినప్పుడు ఏమవుతుందో చూస్తాను. అంతవరకు ఈ డిస్కులో అప్‌గ్రేడు చేయదలచుకోలేదు.