మిగిలిన మూడింటి కాగితం: నా అనుభవం

ఆసుపత్రిలో ఫ్రీజ్ చేసి ఉంచిన మా పిండాల కాగితం పని మీద వెళ్లి, నిన్న రాత్రి కాజీపేటలో రైలు దిగేసరికి పదిన్నర అయింది. కోపం చల్లారకముందే ఇది రాయాలని కూర్చున్నాను; చల్లారితే నేను అవతలివాళ్ల తరఫున మాట్లాడటం మొదలుపెడతానని మా వారి ఫిర్యాదు.

చికిత్స సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. నా ఫెలోపియన్ నాళాలు రెండూ మూసుకుపోయాయని 2021లో తేలడంతో ఐవీఎఫ్ (ల్యాబులో పిండాన్ని తయారుచేసి గర్భంలో ప్రవేశపెట్టే చికిత్స) తప్ప దారి లేదన్నారు. 11 రోజుల పాటు పొట్ట మీద ఇంజెక్షన్లు, ఆపైన అండాలు పక్వమవడానికి ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షను, అది పడిన 36 గంటలకు మత్తులో అండాల సేకరణ, 5 పిండాలు గర్భంలో ప్రవేశపెట్టదగిన బ్లాస్టోసిస్టు దశకు చేరాయని ఐదో రోజున ఫోను, ఇవన్నీ 2022 ఆగస్టులో జరిగిపోయాయి. ఐదింటినీ ఫ్రీజ్ చేశారు. నవంబరులో ప్రవేశపెట్టిన మొదటిది నిలవలేదు. మరుసటి ఫిబ్రవరిలో ప్రవేశపెట్టిన రెండోది ఇప్పుడు పక్క గదిలో మా అత్తమ్మ పక్కన నిద్రపోతోంది. సూదుల నొప్పి గురించి చుట్టాలందరూ అడుగుతారు గాని, అది చెప్పుకోదగినంతటిది కాదు. నేను అధైర్యపడినప్పుడల్లా అత్తమ్మ, 2019లో గుంటూరులో 70 ఏళ్లు దాటినావిడ ఐవీఎఫ్‌తో కవలలను కన్న వార్త గుర్తుచేసేది. 2022 జనవరి 25న అమల్లోకి వచ్చిన ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి సాంకేతికత) చట్టం ఈ చికిత్సను 50 ఏళ్ల లోపు స్త్రీలకే పరిమితం చేసిందని చెబితే, “గవర్నమెంటుకేం తెలుసు బిడ్డా” అని కొట్టిపారేసేది.

నేను చెప్పదలచుకున్నది మిగిలిన మూడింటి గురించి. అవి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉన్నాయి. వాటిని ఉంచినందుకు ఏడాదికి 25 వేలు కట్టాలి. రెండేళ్లుగా మా వారు ఆ డబ్బును కరెంటు బిల్లు కట్టినంత తేలికగా ఫోనులో కట్టేస్తూ వచ్చారు. ఈ జూలైలో మాత్రం, దంపతులిద్దరూ స్వయంగా వచ్చి కొత్తగా అంగీకార పత్రం ఇవ్వాలని ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది.

రెండు వారాల కిందట, శనివారం నాడు వెళ్లాం. హాలు నిండా ఒళ్లో ఫైళ్లు పెట్టుకున్న ఆడవాళ్లు, వెనక గోడకు చేరబడి నిలబడిన భర్తలు. మా టోకెను పిలిచాక కౌంటరు దగ్గరి అమ్మాయి కంప్యూటరు నుంచి తల ఎత్తకుండానే, “మీవి త్రీ ఎంబ్రియోస్ మేడమ్. డిస్కార్డా, రెన్యువలా?” అంది. నాకు వెంటనే నోరు పెగల్లేదు. నాకు వినిపించలేదనుకుందో, ఇంగ్లీషు అర్థం కాలేదనుకుందో గాని, ఈసారి హాలంతటికీ వినబడేలా తెలుగులో అడిగింది: “పారేయాలా, ఉంచాలా మేడమ్?”

ఒక్కటి నిలిస్తే చాలునని ముడుపులు కట్టుకుని వచ్చినవాళ్ల మధ్యలో నిలబెట్టి, మూడింటిని పారేయాలా అని నన్ను అడిగారు. ముందు వరుసలో ఒక అమ్మాయి తల తిప్పి నన్ను చూసి, మళ్లీ తన ఫైలులోకి చూసుకుంది. ఆ క్షణంలో నేల చీలితే బాగుండుననిపించింది. కౌంటరు పిల్లను నేను తప్పుపట్టను; టోకెన్లు తొందరగా కదిలించడమే ఆమె ఉద్యోగం. దంపతులకు కౌన్సెలింగ్ ఇవ్వాలని చట్టమే చెబుతుండగా, ఆ గదికి శనివారం తాళం వేసి, ఈ ప్రశ్నను కౌంటరు మీదికి నెట్టినవారిని మాత్రం క్షమించలేను.

చేతికిచ్చిన పత్రానికి తెలుగు ప్రతి ఉందంటే సంతోషించాను. “గడ్డకట్టిన పిండిని పారవేయుటకు” అని ఉంది అందులో. పిండానికీ పిండికీ తేడా తెలియని యంత్రం చేత అనువాదం చేయించి, ఒక్క మనిషి చేత చదివించకుండా అచ్చు వేశారు. నేను జిల్లా పరిషత్ పాఠశాలలో 16 ఏళ్లుగా తెలుగు చెబుతున్నదాన్ని; ఎర్ర కలం తీసి అక్కడే దిద్ది ఇచ్చాను. అప్పుడు నవ్వొచ్చింది గాని ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కొత్త పత్రంలో ఏం రాయాలో తేల్చుకోవడానికి 2022లో మేం సంతకం చేసిన పాత పత్రం చూపమన్నాను. 40 నిమిషాలకు దాని జిరాక్సు వచ్చింది.

9 పేజీలు. ప్రతి పేజీ అడుగున పెన్సిలుతో ఇంటూ గుర్తులు, వాటి పక్కన మా సంతకాలు. దంపతుల్లో ఎవరైనా చనిపోతే, లేదా నిర్ణయం తీసుకోలేని స్థితికి చేరితే ఫ్రీజ్ చేసిన పిండాలను ఏం చేయాలో వారే ముందుగా రాసి ఇవ్వాలని చట్టంలో ఉంది. ఆరో పేజీ దానికోసమే. భార్య మరణిస్తే నిర్ణయం భర్తదని, భర్త మరణిస్తే పిండాలను నశింపజేయాలని అందులో టిక్కులు పెట్టి ఉన్నాయి. ఆ టిక్కులు మావి కావు. సంతకాలు నల్ల సిరాతో ఉన్నాయి, టిక్కులు నీలం సిరాతో ఉన్నాయి. ఎవరో తమకు న్యాయమని తోచినట్టు ముందే నింపి పెట్టారు, మేం చదవకుండా సంతకం చేశాం. విచిత్రమేమిటంటే చట్టం ఒంటరి స్త్రీకి ఈ చికిత్స పొందే వీలు ఇచ్చింది. భార్య లేని పురుషుడికి సరోగసీకి కూడా దారి ఇవ్వలేదు. అంటే చట్టం ఎవరికి హక్కు ఇచ్చిందో ఆ మనిషి చేతిలోంచే మా కాగితం దాన్ని లాగేసింది. ప్రశ్నపత్రం పూర్తిగా చదవనిదే కలం ముట్టవద్దని పదో తరగతి పిల్లలకు ఏటా చెప్పే నేను, మూడేళ్లుగా ఆ కాగితం కింద నా సంతకంతో తిరుగుతున్నాను.

ఆ రోజు ఏమీ తేల్చకుండానే వచ్చేశాం. ఇంటికి వచ్చి అత్తమ్మకు చెబుతుంటే, పిండం అన్న మాట దగ్గరే ఆపేసింది. “ఆ మాట ఇంట్ల అనకు బిడ్డా” అంది. 2018లో మా మామగారికి కాళేశ్వరంలో పిండాలు పెట్టించి, కాకి ముట్టేదాకా గోదావరి ఒడ్డున ఎండలో నిలబడిన మనిషి ఆమె. కడుపులో పడినదానికీ, కాలం చేసినవారికి పెట్టేదానికీ మన భాషలో ఒకటే మాట. పోనీ భ్రూణం అందామా అంటే, ఆ మాట పత్రికల్లో వెనక హత్య లేకుండా కనబడదు. చివరికి “ల్యాబులో ఉన్నవి” అన్నాను. “ఎంతమంది?” అని అడిగింది. “మూడు” అన్నాను. “ఎంతమంది అంటే మూడంటవేంది?” అంది. మహద్వాచకానికి ముగ్గురు, అమహద్వాచకానికి మూడు అని వ్యాకరణం తరగతిలో చెబుతాను గాని, వీటిని ఎటువైపు చేర్చాలో ఆమెకు చెప్పలేకపోయాను. ఆసుపత్రివారికి ఆ ఇబ్బంది లేదు. వాళ్లు “త్రీ నంబర్స్” అంటారు.

మా ఆడపడుచుకు పెళ్లయి 9 ఏళ్లయినా పిల్లలు లేరు. వాటిని ఆమెకు ఇవ్వవచ్చు కదా అని అత్తమ్మే అడిగింది. సొంత వాడకం కోసం, అదీ జాతీయ బోర్డు అనుమతితో తప్ప, పిండాలను మరొకరికి బదిలీ చేయడాన్ని చట్టం నిషేధించింది. ఆ సంగతి చదివినప్పుడు నాకు కలిగింది నిరాశ కాదు, ఊరట. ఇచ్చి ఉంటే, మా పాపకు తోడబుట్టినవాడు మేనత్త ఇంట్లో పెరిగి, వరసకు బావ అయ్యేవాడు. మేనరికాలు ఇంకా మానని కుటుంబం మాది. ఎవరికి ఎవరు ఏమవుతారో పిల్లలకు చెప్పకుండా దాచి, ఒకనాటి పెళ్లిమాటల్లో నోరు విప్పవలసి వస్తే అప్పుడేం చేసేవాళ్లం? దానం గొప్పదని ఉపన్యసించేవారు వరసల సంగతి ఆలోచించరు.

నిన్న మళ్లీ వెళ్లాం. పనిరోజు కనుక కౌన్సెలింగ్ గది తెరిచి ఉంది. పరిశోధనకు ఇవ్వడానికీ పత్రంలో ఒక గడి ఉంది. నమోదైన పరిశోధన సంస్థ ఏదీ మీ ఆసుపత్రి నుంచి తీసుకోవడం లేదా అని అడిగితే, “మా దగ్గరికి ఎవరూ రాలేదు మేడమ్, చట్టంలో ఉంది కాబట్టి గడి పెట్టాం” అన్నారు. ఇక ఉంచడం, నశింపజేయడం, ఈ రెండు దారులే మిగిలాయి. నశింపజేయడమంటే ఏం చేస్తారో చెప్పమని పట్టుబడితే, ల్యాబులో పిండాలను చూసుకునే నిపుణురాలిని, అంటే ఎంబ్రియాలజిస్టును పిలిపించారు. మొత్తం ఆసుపత్రిలో నాకు కుర్చీ చూపి, నేను అడిగినదానికే జవాబిచ్చిన మనిషి ఆమె ఒక్కరే. మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించింది: ట్యాంకు, అందులో నిలువుగా కడ్డీ, కడ్డీకి సన్నటి స్ట్రాలు, స్ట్రా చివర నా పేరూ నంబరూ ఉన్న గులాబీరంగు లేబులు. స్ట్రాను బయటికి తీసి మామూలు గది వేడిమిలో వదిలేస్తారట, అంతకుమించి ఏమీ చేయరట. ఆ రోజు మేం ఉండవచ్చా అని అడిగాను. ల్యాబులోకి రానివ్వరని, తేదీ మాత్రం చెబుతామని, ఇంతవరకు ఎవరూ అడగలేదని అంది.

మా వారికి రెండో బిడ్డ కావాలని ఉంది. నాకు ఇప్పటికి లేదు. ఈ సంగతి ఏడాది వాయిదా వేసుకోవడానికి 25 వేలు ఎక్కువ కాదని ఇద్దరం ఒప్పుకున్నాం. పిండాలను నిల్వ ఉంచడానికి చట్టం ఇచ్చిన 10 ఏళ్ల గడువు మాకు 2032 ఆగస్టు దాకా ఉంది. అయితే ఆరో పేజీని అలాగే వదలడానికి నేను ఒప్పుకోలేదు. ఫార్మాటు మార్చకూడదని మేనేజరు గంటసేపు వాదించాడు. చట్టం అడిగింది మా సూచనలనే గాని మీవి కాదని, కావాలంటే మీ న్యాయవాదికి ఫోను చేయమని చెప్పి కదలకుండా కూర్చున్నాను. చివరికి పాత టిక్కులు కొట్టేసి, ఇద్దరిలో ఎవరు లేకపోయినా నిర్ణయం మిగిలినవారిదేనని నా చేత్తో తెలుగులో రాసి, ఇద్దరం పక్కన సంతకాలు చేసి, ముద్ర వేయించి ఒక ప్రతి తెచ్చుకున్నాను.

ఈ పని మీద వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: శనివారం వెళ్లకండి, పాత పత్రం జిరాక్సు తీసుకోనిదే కొత్తదాని మీద సంతకం చేయకండి, డాక్టరు కోసం ఎదురుచూడటం మాని ఎంబ్రియాలజిస్టును పిలవమని అడగండి.

రసీదు మీద “ఎంబ్రియో స్టోరేజ్, 3 నంబర్లు, గడువు 2026 ఆగస్టు” అని ఉంది. పొద్దున అత్తమ్మ అడిగితే చేతికిచ్చాను. ఆమె దాన్ని మడిచి, పాప టీకాల కార్డు ఉన్న సంచిలో పెట్టింది.