పెసాఖ్‌కి ముందు సబా వంటిల్లు

జెరూసలేంలో ఒక పెద్దాయన్ని చూసుకునే పనిలో ఉన్నాను. మా నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ఇలా కేర్‌గివర్లుగా వచ్చినవాళ్ళు ఇజ్రాయెల్‌లో చాలామందే ఉన్నారు. ఇంట్లోవాళ్ళలాగే నేనూ ఆయన్ని సబా అంటాను, అంటే తాత. యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదు కుటుంబం, ఆచారం గట్టిగా పాటిస్తారు. మాంసానికీ పాలకీ వేరు గిన్నెలు, వేరు సింకులు, శనివారం స్విచ్చి ముట్టకపోవడం, ఇవన్నీ తొందరగానే అలవాటయ్యాయి. పెసాఖ్ అలా కాదు. యూదులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ పండగ, తెలుగు బైబిల్లో పస్కా అనేది ఇదే.

పులిసింది తినకపోతే చాలదు, ఆ 7 రోజులూ ఇంట్లోనే ఉండకూడదని నిర్గమకాండం 12వ అధ్యాయం. గోధుమ, బార్లీ, ఓట్స్, రై, స్పెల్ట్ పిండికి నీళ్ళు తగిలి ఊరికే 18 నిమిషాలు ఉంటే చాలు, అది హమేత్స్. సబా కూతురు నెల ముందొచ్చే పూరీమ్ పండుగ అవగానే పని మొదలుపెట్టింది. స్టీలు గిన్నెలు సలసల మరిగే నీళ్ళలో ముంచితే పండక్కి పనికొస్తాయట. పింగాణీకి ఆ దారి లేదు, అటకెక్కాల్సిందే. గట్టు మీదంతా ఫాయిల్ పరిచాం.

అసలు పేచీ నా అరతో వచ్చింది. గోధుమపిండి, రవ్వ సరే, ముందే తెలుసు. ఇంగువ డబ్బా వెనక చదివితే అందులోనూ గోధుమపిండే! ఇక బియ్యం, కందిపప్పు, మినప్పప్పు, ఆవాలు, నువ్వులు హమేత్స్ కావు గానీ ‘కిట్నియోత్’ అట. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీ యూదులు చాలామంది పెసాఖ్‌లో అన్నం తింటారు, అష్కెనాజీలు తినరు. సూపర్‌మార్కెట్లో ప్యాకెట్ల మీద ‘కిట్నియోత్ తినేవారికి’ అని అచ్చేసి ఉంటుంది. బియ్యం, పప్పు, పోపు తీసేస్తే మన వంటలో మిగిలేదేమిటి? వంకాయ, బంగాళాదుంప, గుడ్డు.

కూతురు రబ్బీకి, అంటే యూదు మతగురువుకి, ఫోన్ చేసింది. కిట్నియోత్ ఇంట్లో ఉండొచ్చు, నేను యూదుణ్ణి కాను కాబట్టి తినొచ్చు, కాకపోతే నా సొంత గిన్నెలో, నా గదిలోని కరెంటు పొయ్యి మీద. పిండీ ఇంగువా మాత్రం పక్కింట్లో పనిచేసే మన తెలుగావిడ గదికి పంపేశాను. ఆ ఇంటివాళ్ళు పండక్కి ఊరెళ్తూ హమేత్స్‌ని అమ్మి, అది ఉన్న చోటుని అద్దెకిచ్చేశారు. రబ్బీ ద్వారా యూదుడు కాని మనిషికి నిజంగానే కాగితం రాసి అమ్ముతారు, పండగయ్యాక తిరిగి కొనుక్కుంటారు. ఉత్తుత్తి బేరమనుకున్నాను. సబా ఒప్పుకోలేదు, చట్టప్రకారం చెల్లకపోతే అమ్మకమే కాదన్నాడు.

నేను బీరువాలు జరిపి మరీ ఊడుస్తుంటే సబా నవ్వి, యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా తీయించాడు. పెసాఖీమ్ భాగం మొదటి వాక్యమే హమేత్స్‌ని దీపం వెలుగులో వెతకమంటుంది. ఆ వెంటనే, ముంగిసలాంటి జంతువేదో రొట్టె ముక్కని ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి ఈడ్చుకొచ్చిందేమోనని బెంగ పడొద్దంటుంది. అలా అనుమానిస్తే ఈ వాకిలి నుంచి ఆ వాకిలికి, ఈ ఊరి నుంచి ఆ ఊరికి, ఇక అంతుండదట. నాకు ఈ మతంలో అన్నిటికన్నా నచ్చింది ఈ మాటే. అయినా కూతురు బీరువా వెనక ఊడిపించింది, అది వేరే సంగతి.

పండగ ముందు రాత్రి లైట్లార్పి, రొట్టె ముక్కలు 10 దాచి, కొవ్వొత్తితో వెతికి, ఈకతో ఊడ్చి పోగుచేశారు. పొద్దున వీధిలో పిల్లలు రేకు డబ్బాల్లో మంటలు పెడితే వాటిలో వేశాం. నేను చూసినా చూడకపోయినా హమేత్స్ ఏదైనా ఉంటే అది నేల దుమ్ముతో సమానమని సబా పాత అరామిక్ భాషలో చదివాడు.

సెడెర్, అంటే పండగ మొదటి రాత్రి విందు. ఆ రాత్రి నా గొడవ సబా ఇన్సులిన్. ఐగుప్తు కథంతా చదివాక గానీ భోజనం రాదు. నర్సుని ముందే అడిగి, పళ్ళెం ముందుకొచ్చాకే ఇంజెక్షన్ ఇచ్చాను. 4 గ్లాసులు తాగాలి, ద్రాక్షరసమైతే చక్కెర, అందుకని తీపిలేని వైన్ చిన్న గ్లాసుల్లో పోశాం. షుగర్ మీటర్ నొక్కేది నేనే. మర్నాడు పొద్దున 190 చూపించింది. ఫోన్లో నర్సు నన్నే కోప్పడింది. సబా మాత్రం పులియని రొట్టె, మత్సా, ఇంకో ముక్క ఇమ్మన్నాడు.