జున్ను మందు, అమ్మమ్మ మోకాళ్ళు

"కుందేలుకి కీళ్ళనొప్పులేటే?" అని పెద్దమ్మ అడిగితే ఎంవీపీ కాలనీలోని మా పుట్టిల్లంతా నవ్వింది. నవ్వనిది మా అమ్మాయొక్కతే. దానికి తెలుగు బాగానే వచ్చు. ఇందులో నవ్వడానికేముందో అర్థం కాలేదంతే.

స్కాట్లండ్‌లో జూన్ ఆఖరుకల్లా బడులకి సెలవులిచ్చేస్తారు కాబట్టి ఆషాఢానికి విశాఖ చేరతాం. గ్లాస్గోలో పక్కింటివాళ్ళకి అప్పజెప్పి వచ్చిన మా కుందేలు జున్నుకి తొమ్మిదేళ్ళు. కుందేళ్ళలో అది ముసలితనమే. నడుమూ వెనక కాళ్ళ కీళ్ళూ అరిగాయి. అక్కడ పొద్దున్న ఎనిమిదంటే ఇక్కడ పన్నెండున్నర. సరిగ్గా అన్నాలు వడ్డించే వేళకి మా పిల్ల ఫోన్ ముందు కూర్చుని, పక్కింటావిడ మందు వేయడం వీడియోలో చూస్తుంది. ఆవకాయ కలుపుకుంటున్న చుట్టాలకి అదో వినోదం.

ఆ మందు మెలోక్సికామ్ అనే నొప్పి మందు. సూది లేని సిరంజితో నోటి పక్కనుంచి వేస్తారు. కుక్కలకని అమ్మే సీసాయే, మోతాదు మాత్రం వేరు. కుక్కకి రోజుకి కిలోకి 0.1 మిల్లీగ్రాము సరిపోతే, కుందేలుకి 1 మిల్లీగ్రాము దాకా కూడా ఇస్తారు. దాని ఒంట్లో ఆ మందు అంత తొందరగా ఖర్చయిపోతుంది. (ఎంతన్నది డాక్టరే చెప్పాలి, ఇంట్లో లెక్కలు కట్టకండి.) అది చాలకపోతే గాబాపెంటిన్ అనే మరో నొప్పి మందు కలుపుతారు. స్టెరాయిడ్లు కుందేళ్ళకి పడవు. అప్పుడప్పుడూ రక్తం తీసి కిడ్నీలు చూస్తారు. ఇవన్నీ ఒకెత్తు, ఇల్లు మార్చడం ఒకెత్తు. నున్నటి చెక్కనేల మీద కాళ్ళు జారకుండా రగ్గులు పరిచాం. అది మూత్రానికెళ్ళే తొట్టికి ఒకవైపు అంచు కోసేశాం. నడుం వంగదు కాబట్టి వెనక భాగం మేమే తుడవాలి. ఆ పని మా పిల్లది, ఒక్కరోజూ విసుక్కోదు.

గారాబమని ఇక్కడివాళ్ళ అభిప్రాయం. కాదు. నొప్పెడితే కుందేలు మేత మానేస్తుంది, మేత మానేస్తే పేగులు కదలడం ఆగిపోతుంది. సగం రోజు ఏమీ ముట్టకపోతే ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. పైగా మూలగదు. వేటాడే జంతువులకి తన బలహీనత తెలియకూడదు గనక బాధని దాచుకోవడం దానికి పుట్టుకతోనే అబ్బుతుంది. అందుకే 2012లో పరిశోధకులు ముఖం చూసి నొప్పిని అంచనా కట్టే కొలమానం ఒకటి తయారుచేశారు. సగం మూసిన కళ్ళు, చదునైన బుగ్గలు, ముక్కు ఆకారం, మీసాలు, చెవులు. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు. ఆ కాగితం గ్లాస్గోలో మా ఫ్రిజ్ మీద ఉంటుంది.

ఈసారి మా పిల్ల దాన్ని మా అమ్మ మీద ప్రయోగించింది. పూజ గదిలో పీట మీంచి లేచేటప్పుడు అమ్మమ్మకి కళ్ళు రెండు, బుగ్గలు ఒకటి అట. మీసాల్లేవు కాబట్టి వదిలేసిందట.

"నేనేటి, కుందేలునా?" అంది అమ్మ. కానీ తీగ లాగితే డొంక కదిలింది. బీపీ మాత్రల డబ్బా అడుగున డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రల అట్టలు దొరికాయి. ఎప్పటిదో పాత అట్ట మందుల షాపులో చూపించి తెప్పించుకుంటోంది, ఎవరికీ చెప్పకుండా. ఆ మందు పడ్డ పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతుంటే, 2006లో మన దేశం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. బదులుగా వాడమన్నది జున్ను వేసుకునే మెలోక్సికామే. మనుషులకి డైక్లోఫెనాక్ ఇప్పటికీ మామూలే. డాక్టరు చూసి ఇస్తే సరే, బీపీ ఉన్న పెద్దవాళ్ళు సొంతంగా నెలల తరబడి మింగితే కిడ్నీలకి చేటు.

"జున్నుకి రక్తం టెస్టు చేస్తారు. అమ్మమ్మకి ఎవరు చేశారు?" అని మా పిల్ల అడిగింది. అప్పుడెవరూ నవ్వలేదు.

ఈ ఇంట్లో ఓర్చుకున్నవాళ్ళే గొప్పవాళ్ళు, నేనూ అలాగే పెరిగాను. మా పిల్లకి నొప్పంటే చెప్పాల్సిన సంగతి, మందు వేయాల్సిన సంగతి. దానివైపే న్యాయం ఎక్కువుందని నాకనిపిస్తుంది. అయితే దానికింకా పట్టుబడనిది ఒకటుంది. జున్ను వద్దనలేదు, అమ్మమ్మ అనగలదు. వద్దన్నప్పుడు సిరంజి పట్టుకుని వెంటపడకూడదని చెప్పాను. మూతి ముడుచుకుంది.

అమ్మ తనంతట తనే డాక్టరు దగ్గరికి బయల్దేరింది. రక్తంలో కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ బాగానే ఉంది. ఆ మాత్రలు ఆపేసి పారాసిటమాల్, పైపూత, తొడ కండరాలకి వ్యాయామం రాశారు. వ్యాయామం లెక్కపెట్టే ఉద్యోగం మనవరాలిది.

తెగనిది గిరి ప్రదక్షిణ ఒక్కటే. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తానని అమ్మ అప్పన్నకి మొక్కుకుంది. మా పిల్ల ససేమిరా అంది. చాలాసేపు బేరమాడాక ఒప్పందం కుదిరింది. జనం మా కాలనీ మీదుగా వచ్చేటప్పుడు అమ్మ వాళ్ళతో కలిసి ఓపికున్నంత దూరం నడుస్తుంది. పక్కనే మనవరాలు నడుస్తూ ముఖం చూస్తుంటుంది, మూడు మార్కులు దాటితే వెనక్కి తిరగాలి. అమ్మ కూడా ఒక షరతు పెట్టింది. మార్కులు పైకి చదవకూడదు.