మందు కాదన్నా, గోలీలు

కువైట్‌లో జూలై రాత్రి. ఎమర్జెన్సీలో నా డ్యూటీ మొదలైన గంటకే కడుపునొప్పితో ఇద్దరు తెలుగువాళ్లు వచ్చారు. ఒకాయన మంచం మీద నిలవడం లేదు. లేస్తాడు, కూర్చుంటాడు, నడుం పట్టుకుని నేల మీదికి జారతాడు, "అమ్మో" అని అరుస్తాడు. రెండో ఆయన మోకాళ్లు ముడుచుకుని, కళ్లు మూసుకుని కదలకుండా పడుకున్నాడు. ఊపిరి కూడా పైపైనే తీస్తున్నాడు.

కొత్తలో అయితే అరిచేవాడి దగ్గరికే పరిగెత్తేదాన్ని. ఇప్పుడు కదలని మనిషిని చూస్తేనే టెన్షన్. మూత్రనాళంలో రాయి ఇరుక్కున్నవాడు దొర్లుతూనే ఉంటాడు. కడుపు లోపలి పొర వాచినవాడికి మంచం కాస్త ఊగినా ప్రాణం పోయినంత పనవుతుంది. ఎండాకాలం మాకు రాళ్ల కేసులకు కొదవ లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది. మిగతా గంటల్లో కారే చెమట సంగతి ఏ రూలూ చూడదు.

రెండో ఆయనది జగిత్యాల వైపు. "గ్యాస్ పట్టింది అక్కా, సూది ఏస్తే పోత. పొద్దున డ్యూటీ ఉంది" అన్నాడు. గుండెపోటు కూడా గ్యాస్‌లాగే వస్తుంది కాబట్టి ముందు ఈసీజీ తీశాం. అది బాగానే ఉంది.

మా డాక్టర్ ఈజిప్ట్ ఆయన. నొప్పి ఎప్పుడు, ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది అని అడగమన్నాడు. బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగితే అపెండిక్స్ అని అనుమానిస్తాం. నడుం నుంచి గజ్జల్లోకి లాగితే రాయి. ఈయనకి పై పొట్టలో, సాయంత్రం కంపెనీ బస్సు దిగుతుంటే, "కత్తితోని పొడిచినట్టు" ఒక్కసారే వచ్చిందట. కుడి భుజం కూడా గుంజుతోందట. "బస్తాలు మోసిన కదా, గందుకే" అని తనే కారణం చెప్పేశాడు.

పదికి ఎంత నొప్పి అని అడిగాను. కాసేపు ఆలోచించి "రూపాయికి బారాణా" అన్నాడు. బారాణా అంటే పన్నెండు అణాలు, రూపాయిలో ముప్పావు. ఏడున్నర అని చెప్పాను. డాక్టర్ నా వైపు వింతగా చూశాడు.

తర్వాతి ప్రశ్న దగ్గర తప్పు నాదే. "మందు ఏమన్నా తీసుకుంటావా అన్నా?" అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. పక్కన కార్మికుల వసతి చూసుకునే క్యాంప్ బాస్ నిలబడి ఉన్నాడు. మద్యం నిషేధం ఉన్న దేశం. "ఒట్టు అక్కా, నేను ముట్టను" అన్నాడు. మందులేవీ వాడడు అని రాసేసుకున్నాం.

డాక్టర్ పొట్ట మీద చెయ్యి పెట్టాడు. చెక్కలా ఉంది. ఎక్కడ నొక్కినా గట్టిగానే తగిలింది. ఆ చెయ్యి చూశాక నాకు వెలిగింది. క్యాంప్ బాస్‌ని బయటికి పంపి, తెర లాగి, "మందు కాదన్నా, గోలీలు" అన్నాను.

"గోలీలా? మోకాళ్ల నొప్పులకు ఏసుకుంట. ఊరి నుంచి తెచ్చుకున్న. రోజుకు మూడు. పొద్దుగాల ఏం తినకముందే."

కొన్ని రకాల నొప్పి మాత్రలు రోజూ మింగితే కొందరికి జీర్ణాశయం గోడకు పుండు పడుతుంది. అది చిల్లు పడితే లోపలి ఆమ్లం కడుపంతా పారుతుంది. సెలైన్, యాంటీబయాటిక్ ఎక్కించి, ముక్కులోంచి గొట్టం వేశాం. నొప్పికి ఇంజెక్షన్ కూడా ఇచ్చాం. నొప్పి తగ్గిస్తే జబ్బు దాక్కుంటుందని ఒకప్పుడు ఆపేవారు, ఇప్పుడు అలా ఏడిపించరు. కాసేపు కూర్చోబెట్టి ఛాతీ ఎక్స్‌రే తీస్తే, కాలేయం పైన సన్నటి నల్లని నెలవంక. గాలి ఉండకూడని చోట గాలి. భుజం ఎందుకు లాగిందో అప్పుడు తెలిసింది. ఆ ఆమ్లం ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగా ఉండే డయాఫ్రం కింద మంట పెడితే నొప్పి భుజంలో తెలుస్తుంది.

ఆ రాత్రే ఆపరేషన్ చేసి, కడుపులోని కొవ్వు పొరతో చిల్లు మూశారు. రాయి ఆయన తెల్లారేసరికి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మూడో రోజు వార్డుకి వెళ్లాను. పేగులు మళ్లీ కదులుతున్నాయో లేదో తెలుసుకోవడానికి సర్జన్ రోజూ అడిగే ప్రశ్న నేను తెలుగులో అడిగాను. "గ్యాస్ పోయిందా అన్నా?"

ఆయన సిగ్గుతో దుప్పటి మీదికి లాక్కున్నాడు. "నేను మొదాలే చెప్పలే అక్కా, గ్యాస్ అని?"