గడ్డం కింద ఐదు కుట్లు, ఆ తర్వాత కొన్న హెల్మెట్

కిందటేడు అక్టోబర్ మొదటి వారంలో, ఒక శనివారం పొద్దున టైగర్ మౌంటెన్ మీద సైకిల్ తొక్కుతూ పడ్డాను. సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఇసాక్వా మీదుగా వెళ్తూ వస్తూ ఆ కొండను చూస్తూనే ఉంటారు. హైవే 18 పక్కన కారు పెట్టి, మాస్టర్ లింక్ ట్రైల్, ఆ పైన గ్రావెల్ రోడ్డు పట్టుకుని గంటకు పైగా తొక్కుకుంటూ ఎక్కాం, నేనూ మా అబ్బాయీ. దిగేది ప్రెస్టన్ రైల్‌రోడ్ ట్రైల్ మీద. రాత్రంతా వాన కురిసింది. ఆ దారి పొడుగునా చెట్ల వేళ్లు అడ్డంగా పరుచుకుని ఉంటాయి. తడిసిన వేరు మీద ముందు చక్రం ఏటవాలుగా పడిందంటే సబ్బు మీద కాలేసినట్టే. చక్రం పక్కకు జారింది, హ్యాండిల్ తిరిగిపోయింది, ఇంకో వేరుకు గడ్డం కొట్టుకుని బోర్లా పడ్డాను.

ఐదు కుట్లు పడ్డాయి. కింది పన్నొకటి రెండు వారాల పాటు కదిలింది, తర్వాత గట్టిపడింది. ఆ సాయంత్రం కూర్చుని నా హెల్మెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాను. మంచి కంపెనీదే. వెనక చెవుల దాకా కప్పే రకం. దాని మీద ఒక్క గీత కూడా లేదు. రక్తమంతా నా టీషర్టు మీదే ఉంది. మూడేళ్లుగా నేను జాగ్రత్తగా పెట్టుకుంటున్న హెల్మెట్, దెబ్బ తగిలిన చోట అసలు లేదు! గడ్డాన్ని కూడా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ కొనాలని అప్పుడే అనుకున్నాను.

కొనడానికి నాలుగు నెలలు పట్టింది. నాకు నలభై రెండేళ్లు, సైకిల్ మొదలుపెట్టింది మా వాడి వల్ల. ఇంటి దగ్గర డూథీ హిల్ పార్కు ఉంది. 120 ఎకరాల అడవిలో 2010 నుంచి మౌంటెన్ బైకుల కోసమే నడుస్తున్న పార్కు అది. వాడితో పాటు నేనూ అక్కడే నేర్చుకున్నాను. గాలిలోకి ఎగిరేవాళ్లు, లిఫ్ట్‌లో పైకి వెళ్లి దూసుకొచ్చేవాళ్లు పెట్టుకునేది ఫుల్ ఫేస్ అని, మనకెందుకులే అని అనుకునేదాన్ని. నేను పడ్డప్పుడు నా స్పీడు మహా అయితే పరిగెత్తే మనిషి స్పీడు.

వీడియో కాల్‌లో కుట్లు చూసి అమ్మ ఏడ్చింది. నాన్నగారు మాత్రం కాసేపు ఆలోచించి, "అమ్మాయ్, స్కూటర్ హెల్మెట్ పెట్టుకోవచ్చు కదా, ముఖమంతా కప్పుతుంది" అన్నారు. రాజమండ్రిలో ఆయన ఇప్పటికీ ఐఎస్ఐ మార్కు చూడకుండా హెల్మెట్ ముట్టుకోరు. ఇండియాలో టూవీలర్ హెల్మెట్‌కు ఐఎస్ 4151 అనే ప్రమాణం ఉంది, 2021 జూన్ నుంచి ఆ మార్కు లేనిది అమ్మకూడదు. ఆయన ప్రశ్న నాకు చాలా సబబుగా అనిపించింది. జవాబు వెతికితే అర్థమైంది ఇది. మోటార్ సైకిల్ హెల్మెట్ కిలోన్నర దాకా బరువుంటుంది. పెద్ద దెబ్బను ఆపాలి కాబట్టి లోపలి నురుగు (ఫోమ్) గట్టిగా ఉంటుంది. గాలి ఆడే దారులు తక్కువ. బండి మీద ఇంజన్ పని చేస్తుంది, సైకిల్ మీద మనమే ఇంజన్. అది పెట్టుకుని గంట సేపు కొండ ఎక్కితే పైకి వెళ్లేసరికి కళ్లు తిరుగుతాయి. నాన్నగారికి అలాగే చెప్పాను. "అయితే మీ సైకిల్ వాటికి ఏ మార్కు చూడాలి?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు షాపులో ఎవరూ నేర్పనంత నేర్పింది.

అమెరికాలో అమ్మే ప్రతి సైకిల్ హెల్మెట్ లోపలా ఒక స్టిక్కర్ ఉంటుంది, సీపీఎస్‌సీ అని, అక్కడి ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంస్థ పేరు అది. 1999 మార్చి నుంచి తయారైన వాటన్నిటికీ అది తప్పనిసరి. హెల్మెట్‌లో నకిలీ తల పెట్టి రెండు మీటర్ల ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మ మీద పడేస్తారు. లోపలి తలకు తగిలే కుదుపు 300 జీ, అంటే భూమి ఆకర్షణకు 300 రెట్లు, దాటకూడదు. యూరప్‌లో దీనికి ఈఎన్ 1078 ఉంది. ఈ రెండిట్లోనూ గడ్డం ముందుండే భాగాన్ని, అంటే చిన్ బార్‌ను పరీక్షించరు. అంటే చిన్ బార్ పలచటి ప్లాస్టిక్‌తో చేసినా ఆ స్టిక్కర్ వచ్చేస్తుంది. ఇది చదివిన రోజు నాకు నిజంగా ఒళ్లు జలదరించింది, ఎందుకంటే అప్పటికే ఆన్‌లైన్‌లో ఒక చవక ఫుల్ ఫేస్‌ను కార్ట్‌లో పెట్టి ఉంచాను.

డౌన్‌హిల్ కోసం, అంటే కొండ మీంచి వేగంగా దూసుకొచ్చే సైక్లింగ్ కోసం, వేరే ప్రమాణం ఉంది, ఏఎస్‌టీఎం ఎఫ్1952. దీనిలో తల మీద పరీక్షలు ఇంకాస్త కఠినం. చిన్ బార్ ఉంటే దాన్నీ కొట్టి, ఎంత లోపలికి వంగుతుందో కొలుస్తారు. నాకు కావలసింది అదే కదా, గడ్డానికి దెబ్బ తగిలితే ఆపాలి. అందుకని స్టిక్కర్‌లో ఎఫ్1952 కనిపించని ఫుల్ ఫేస్‌ను చేతిలోకి కూడా తీసుకోకూడదని నియమం పెట్టుకున్నాను. కార్ట్‌లోది తీసేశాను. మీరు కొనేటప్పుడు ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే, ఆ నంబరు గుర్తుంచుకోండి.

మిప్స్ గురించి అందరూ అడుగుతారు. స్వీడన్‌లో పుట్టిన ఆలోచన అది. పడినప్పుడు తల నేరుగా గుద్దుకోవడం అరుదు, ఏటవాలుగా తగిలి గిర్రున తిరుగుతుంది. లోపల జారే పలచటి పొర ఒకటి పది, పదిహేను మిల్లీమీటర్లు కదిలి ఆ తిప్పే బలాన్ని కొంత తీసేసుకుంటుంది. ఇప్పుడు వచ్చే ఫుల్ ఫేస్‌లలో చాలావాటికి అదో, అలాంటిదో ఇంకొకటో ఉంటుంది. కాబట్టి దాని గురించి నేను పెద్దగా తలపట్టుకోలేదు.

తలపట్టుకున్నది కొలతల దగ్గర. జాకెట్లు కుట్టించుకునే టేపుతో కనుబొమల మీదుగా, వెనక తల ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా కొలిచాను. 55.5 సెంటీమీటర్లు. ఆ అంకె పట్టుకుని షాపుకెళ్లి, నా సైజువి నాలుగు పెట్టుకుని చూస్తే నాలుగూ నాలుగు రకాలుగా కూర్చున్నాయి. ఒకటి నుదుటి మీద నొక్కుతూ కణతల దగ్గర ఖాళీగా ఉంది. ఇంకొకటి చుట్టూ బాగుంది గానీ నడినెత్తిన ఆనలేదు. కంపెనీని బట్టి లోపలి ఆకారం మారుతుంది, కొందరిది కోలగా ఉంటుంది, కొందరిది గుండ్రంగా. టేపు చుట్టుకొలత చెబుతుంది, ఆకారం చెప్పదు. అందుకే మొదటి ఫుల్ ఫేస్‌ను పెట్టుకుని చూడకుండా కొనవద్దంటాను. ఆన్‌లైన్‌లోనే కొనక తప్పకపోతే, వాపసు తీసుకునే చోట కొని, ట్యాగులు తీయకుండా ఇంట్లో అరగంట పెట్టుకుని తిరగండి.

ఆ షాపులో తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన చాలా ఓపిగ్గా చూపించారు. ఫుల్ ఫేస్ సరిపోయిందో లేదో బుగ్గలు చెబుతాయట. బుగ్గల పక్కన ఉండే దిండ్లు రెండు వైపులా మెత్తగా నొక్కాలి. చూయింగ్ గమ్ నమిలితే బుగ్గ లోపల పంటికి తగలబోయేంత దగ్గరగా ఉండాలి. తర్వాత ఆయన చిన్ బార్ పట్టుకుని ఎడమకూ కుడికీ తిప్పారు. హెల్మెట్‌తో పాటు నా చర్మం కూడా కదలాలి, హెల్మెట్ ఒక్కటే జారకూడదు. ఆ పైన పట్టీ బిగించుకున్నాక, వెనక నుంచి అంచు పట్టుకుని ముందుకు లేపారు. ఒకటి సగం దాకా ఊడి వచ్చేసింది. అప్పటిదాకా నాకు అన్నిటికంటే హాయిగా అనిపించింది అదే! హాయిగా ఉందని కొని ఉంటే, కావలసిన రోజున అది నా తల మీద ఉండేది కాదు.

ఆడవాళ్ల కోసం రెండు మాటలు, ఎక్కడా నాకు రాసి కనిపించలేదు కాబట్టి. ముడి వేసుకుని హెల్మెట్ ప్రయత్నించకండి. ముడి వెనక నుంచి తోసి హెల్మెట్‌ను కళ్ల మీదికి దించుతుంది, సైజు చిన్నదేమో అనుకుంటారు. మెడ దగ్గర వదులుగా జడ అల్లుకుని వెళ్లండి, రైడ్‌కు కూడా అలాగే వెళ్లండి. ఆదివారం నూనె పెట్టుకునే అలవాటుంటే తలంటుకున్నాకే హెల్మెట్ పెట్టుకోండి. నూనెకు లోపలి దిండ్లు జిడ్డెక్కుతాయి. అవి ఊడదీసి చేత్తో ఉతుక్కోవచ్చు, నేను నెలకోసారి ఉతుకుతాను, నీడలోనే ఆరేస్తాను.

కళ్లజోడు ఉన్నవాళ్లు అది కూడా పట్టుకెళ్లాలి. ముందు హెల్మెట్ పెట్టుకుని, తర్వాత కళ్లజోడు కాడలు దిండ్ల మధ్యలోంచి లోపలికి దూర్చాలి. కొన్ని హెల్మెట్లలో ఆ సందే ఉండదు, పావుగంటలో చెవి మీద నొప్పి మొదలవుతుంది.

చివరికి రెండు రకాల మధ్య ఆగాను. ఒకటి చిన్ బార్ ఊడదీయగలిగేది. ఎక్కేటప్పుడు తీసి బ్యాగుకు తగిలించుకుని, దిగేటప్పుడు బిగించుకోవచ్చు. బెల్ సూపర్ డీహెచ్ లాంటివి అలా ఊడేవైనా ఎఫ్1952 పాసయినవి, అన్నీ అలా ఉండవు. మా వాడు అదే తీసుకోమని పట్టుబట్టాడు. "అమ్మా, టూ ఇన్ వన్ కదా!" అన్నాడు. నాకూ మనసు లాగింది. కానీ నా గురించి నాకు తెలుసు. మాస్టర్ లింక్ ఎక్కి చెమటలు కక్కుతూ నిలబడ్డాక, వాన మొదలవుతుంటే, బ్యాగులోంచి తీసి బిగించుకోవడం ఒక్కసారైనా మానేస్తాను. పైగా నేను పడింది డౌన్‌హిల్ పార్కులో కాదు, మామూలు ట్రైల్‌లో. "ఈ ముక్కకు అవసరం లేదులే" అనుకునే చోటే పడతాం.

అందుకని రెండో రకం, చిన్ బార్ ఊడని తేలికపాటి ఫుల్ ఫేస్ తీసుకున్నాను. ట్రాయ్ లీ స్టేజ్, అన్నిటికంటే చిన్న సైజు. వంటింటి త్రాసు మీద పెడితే 700 గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగింది. పూర్తి డౌన్‌హిల్ హెల్మెట్లు చాలావరకు కిలో దరిదాపుల్లో ఉంటాయి, మెడకు ఆ తేడా బాగా తెలుస్తుంది. ఎఫ్1952 ఉంది, మిప్స్ ఉంది, పట్టీకి అయస్కాంతం బకిల్, గ్లోవ్స్‌తోనే పెట్టుకోవచ్చు. లిఫ్ట్‌లో పైకి వెళ్లే స్టీవెన్స్ పాస్ బైక్ పార్కుకు ఏడాదికి రెండు మూడు సార్లే వెళ్తాం. మిగతా వారాలన్నీ తొక్కుకుంటూ ఎక్కడమే. నా హెల్మెట్ ఆ మిగతా వారాల కోసం. వారానికి నాలుగు రోజులు లిఫ్ట్ ఎక్కేవాళ్లయితే నా మాట వినకండి, గట్టి పెంకున్న బరువు హెల్మెట్టే మీకు మంచిది.

అప్పట్లో మా ఫ్రెండ్ ఒకావిడ తన పాత ఫుల్ ఫేస్ ఊరికే ఇస్తానంది. పెద్ద మనసుతోనే అడిగింది, నేనే వద్దన్నాను. లోపలి నురుగు ఒక్క దెబ్బకే నలిగి పని చేస్తుంది, మళ్లీ ఉబ్బదు. పైన రంగు చెక్కుచెదరకపోయినా లోపల నలిగి ఉండొచ్చు. అది ఎన్నిసార్లు కింద పడిందో ఆవిడకే సరిగ్గా గుర్తులేదు.

మార్చిలో మళ్లీ ప్రెస్టన్ కాదు గానీ, డూథీలో మొదలుపెట్టాను. మొదటి అరగంట నా ఊపిరి నాకే గట్టిగా వినిపించింది, కొంచెం టెన్షన్ పడ్డాను. చిన్ బార్‌కూ నోటికీ మధ్య నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంది, గాలి ఆడుతోంది, అయినా ముందు ఏదో అడ్డున్నట్టే అనిపించింది. మూడో రైడ్‌కు ఆ సంగతే మర్చిపోయాను. మేలో టైగర్ ఎక్కాను. అదే ట్రైల్, అవే వేళ్లు. ఆ వేరు దగ్గర దిగి సైకిల్ నడిపించుకుంటూ దాటాను. జూన్‌లో తొక్కుతూ దాటాను.

ఇప్పుడు మా వాడి వంతు. వాడికి పదమూడేళ్లు, నిన్న రాత్రి అదే టేపుతో కొలిస్తే 54.5 వచ్చింది. "పెరిగే పిల్లాడు, ఒక సైజు పెద్దది తీసుకో, రెండేళ్లు వస్తుంది" అని అమ్మ ఫోన్‌లో అంది. నా చిన్నప్పుడు స్కూలు యూనిఫాంలన్నీ అలాగే కొన్నది తను, మడిచి కుట్టి, ఏటా కొంచెం విప్పేది. హెల్మెట్‌కు అలా కుదరదమ్మా, వదులుగా ఉంటే ఊడిపోతుంది, వచ్చే ఏడాది చిన్నదైతే మళ్లీ కొంటాను అని చెప్పాను. శనివారం పదింటికి షాపు తెరుస్తారు. గాగుల్స్ కూడా తెచ్చుకోమని వాడికి చెప్పాను, కళ్ల చోట సరిగ్గా కూర్చుంటాయో లేదో అక్కడే చూసుకోవాలి.