23వ ప్రశ్న: మీ కాంగ్రెస్‌మన్ ఎవరు?

అమెరికా సిటిజన్‌షిప్ వచ్చేసింది. ఓటరు కార్డు కూడా మొన్న పోస్టులో వచ్చింది. ఒళ్ళుమంట చల్లారకముందే రాసేస్తున్నా. మనవాళ్ళు చాలామంది ఇదే వరసలో ఉన్నారు, వాళ్ళకి వాట్సాప్‌లో అందుతున్న సలహాలు చూస్తుంటే భయమేస్తోంది.

మేముండేది ఇల్లినాయ్‌లో, బ్లూమింగ్టన్ శివార్లలో. పెరటి కంచె దాటితే మొక్కజొన్న, దాని అవతల సోయా, ఇంకా అవతల మళ్ళీ మొక్కజొన్న.

సిటిజన్‌షిప్ దరఖాస్తు ఫారం ఎన్-400 నింపడం, అప్పటి ఫీజు 725 డాలర్లు కట్టడం, వేలిముద్రలు ఇవ్వడం: వీటిగురించి చెప్పడానికేం లేదు. గత అయిదేళ్ళలో ఇండియా వెళ్ళొచ్చిన తేదీలు ముందే ఒకచోట రాసిపెట్టుకోండి, చాలు.

ఇంటర్వ్యూలో సివిక్స్ ప్రశ్నలు, అంటే ఈ దేశ చరిత్ర, ప్రభుత్వం మీద ప్రశ్నలుంటాయి. నా ఇంటర్వ్యూ నాటికి, 2023లో, 100 ఇచ్చేవారు, వాటిలో 10 దాకా అడిగేవారు, 6 చెబితే గట్టెక్కినట్టే. ఎక్కువ భాగం ఎప్పటికీ మారని జవాబులే. అప్పటి జాబితాలో 23వది మాత్రం వేరు: మీ యు.ఎస్. రిప్రజెంటేటివ్ పేరు చెప్పండి. అంటే మన లోక్‌సభ ఎంపీ లాంటాయన. ఎవరి జవాబు వాళ్ళే వెతుక్కోవాలి.

మా గ్రూపులో ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయన ఎప్పుడో పాసయ్యారు, అప్పట్నుంచీ అందరికీ గురువే. ఆయన పంచే పీడీఎఫ్‌లో 23కి జవాబు రాడ్నీ డేవిస్ అని ఉంది. "అన్నగారూ, డేవిస్ 2022 జూన్‌లో ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలోనే, మేరీ మిల్లర్ చేతిలో ఓడిపోయాడండీ, పైగా మా వీధి ఆయన కింద ఎప్పుడూ లేదు" అని పెట్టాను. "అది అడగరులెండి, మరీ అంత లోతుకి పోకండి" అని జవాబు. దాని కింద బొటనవేళ్ళ వరస. ఇక లోతుకే పోయాను.

2013 నుంచీ మా వీధి 18వ డిస్ట్రిక్ట్, అంటే నియోజకవర్గం. ఊరి నడిబొడ్డు 13, అదే డేవిస్‌ది. ఒకే ఊళ్ళో ఇద్దరు కాంగ్రెస్‌మెన్! 18 అంటే పియోరియా చుట్టూ ఉన్న పొలాలు, చిన్న ఊళ్ళు. చెప్పుకోవడానికి పల్లెటూరి సీటేగానీ దాని చరిత్ర మామూలుది కాదు. దాని కిందున్న టాజ్‌వెల్, వుడ్‌ఫర్డ్ లాంటి కౌంటీల నుంచే 1847లో లింకన్ కాంగ్రెస్‌కి వెళ్ళాడు. అప్పుడది 7వ డిస్ట్రిక్ట్. మెక్సికో యుద్ధాన్ని నిలదీసి, ఒక్క టర్మ్‌తో ఇంటికొచ్చేశాడు. తర్వాతి శతాబ్దంలో పీకిన్ ఊరివాడు ఎవరెట్ డర్క్‌సెన్, 1933 నుంచి 1949 దాకా. అప్పట్లో నంబరు 16. 1901 తర్వాత 1947 దాకా ఈ రాష్ట్రం నియోజకవర్గాల గీతలే మార్చలేదు. మార్చేసరికి అదే ప్రాంతం 18 అయింది. డర్క్‌సెన్ కంటి జబ్బుతో తప్పుకుని, 1950లో సెనేట్‌కి గెలిచి, 1964 పౌర హక్కుల చట్టానికి తన రిపబ్లికన్ల ఓట్లు పోగుచేసి పెట్టాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం రాబర్ట్ మైకెల్. 1957 నుంచి 1995 దాకా 38 ఏళ్ళు. అన్నేళ్ళూ ఆయన రిపబ్లికన్ పార్టీ హౌస్‌లో, అంటే కాంగ్రెస్ దిగువ సభలో, మైనారిటీలోనే ఉంది. చివరి 14 ఏళ్ళు ఆయనే మైనారిటీ నాయకుడు. ఆయన రిటైరై వచ్చేసిన 1995 జనవరిలో పార్టీకి మెజారిటీ వచ్చింది! తర్వాత ఆయన దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేసిన రే లాహుడ్, ఆ తర్వాత 27 ఏళ్ళకే గెలిచిన ఏరన్ షాక్. ఈ షాక్ ఆఫీసు గోడలకి ఎర్ర రంగు వేయించుకుని, ఖర్చుల లెక్కల గొడవల్లో ఇరుక్కుని 2015లో రాజీనామా చేశాడు. ఆ ఉప ఎన్నికలో రే లాహుడ్ కొడుకు డారిన్ గెలిచాడు. వారసత్వం మన సొత్తే అనుకునేవాళ్ళు గమనించగలరు.

2020 జనాభా లెక్కల తర్వాత ఇల్లినాయ్‌కి ఒక సీటు తగ్గింది. 18 సీట్లు కాస్తా 17 అయ్యాయి. మన దగ్గర గీతలు గీసేది డీలిమిటేషన్ కమిషన్. ఇక్కడ ఇల్లినాయ్‌లో రాష్ట్ర శాసనసభే గీస్తుంది, అంటే అధికారంలో ఉన్న పార్టీ. 2021లో డెమొక్రాట్లు గీశారు. రాక్‌ఫర్డ్, రాక్ ఐలాండ్, పియోరియా, బ్లూమింగ్టన్ లాంటి ఊళ్ళని దండలా గుచ్చి 17వ డిస్ట్రిక్ట్ చేశారు. మధ్యలో మిగిలిన పొలాలన్నీ 16లో పడేశారు. టెక్సాస్‌లో రిపబ్లికన్లు చేసేదీ ఇదే, ఎవరూ తక్కువ తినలేదు. 18వ నంబరు మాత్రం మ్యాప్‌లో లేకుండా పోయింది. మాది తెనాలి. 2008 డీలిమిటేషన్‌లో మా తెనాలి లోక్‌సభ సీటు ఎత్తేసి గుంటూరులో కలిపినప్పుడు మా నాన్నగారు వారం రోజులు పేపరు విసిరికొట్టారు. కాబట్టి సీటు పోవడమంటే ఏంటో నాకు కొత్త కాదు.

మా వీధి గీతకి పొలాల వైపు పడింది, అంటే 16. డారిన్ లాహుడ్ కూడా 16లోనే నిలబడి గెలిచాడు. మనిషి అదే, నంబరు మారింది. గూగుల్‌లో 16 అని కొడితే అప్పటికింకా పాత 16 ప్రతినిధి ఆడమ్ కిన్జింగర్ పేరు వస్తోంది. ఊళ్ళోవాళ్ళకేమో 17లో కొత్తగా గెలిచిన ఎరిక్ సోరెన్‌సెన్, టీవీలో వాతావరణం చెప్పినాయన.

నా ఇంటర్వ్యూ 2023 జనవరి 5, గురువారం. ఆ వారం గుర్తుందా? మంగళవారం మధ్యాహ్నానికి పాత కాంగ్రెస్ గడువు అయిపోయింది. కొత్త హౌస్‌కి స్పీకర్ తేలడం లేదు. 1923 తర్వాత మొదటి ఓటింగులో స్పీకర్ తేలకపోవడం అదే తొలిసారి. స్పీకర్ లేనిదే ఎవరికీ ప్రమాణం ఉండదు. అంటే ఆ గురువారం 435 సీట్లలో ప్రమాణం చేసిన రిప్రజెంటేటివ్ ఒక్కడూ లేడు!

ఆఫీసరమ్మ మర్యాదగానే మొదలుపెట్టింది. అయిదు ప్రశ్నలు, అయిదు జవాబులు. ఆరోది 23.

"డారిన్ లాహుడ్. మంగళవారం దాకా 18, ఇప్పుడు 16. ఇంకా ప్రమాణం అవలేదు" అన్నాను.

ఆవిడ నా జిప్ కోడ్ కొట్టి, స్క్రీన్ వైపు చూసి, "నా దగ్గర వేరే పేరుంది" అంది. ఒరగా చూస్తే సోరెన్‌సెన్ ఫొటో కనబడింది. "మా జిప్ రెండు డిస్ట్రిక్టుల్లో ఉందండీ, ఇంటి నంబరు, వీధి కూడా కొట్టండి" అన్నాను. కొట్టలేదు. పక్క గదిలోంచి పైఅధికారిని పిలిచింది. ఇద్దరూ నా ముందే, నేనక్కడ లేనట్టు, నాకు ప్రశ్న అర్థమైందా లేదా అని మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన నావైపు వంగి, చెవిటివాడితో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి అడిగాడు: "డు. యు. అండర్‌స్టాండ్. ద. క్వశ్చన్?"

ఈ దేశంలో ఉద్యోగం చేస్తూ తల నెరిసింది నాకు. మీటింగుల్లో వీళ్ళలాంటి వాళ్ళకి నేను లెక్కలు అప్పజెబుతాను. చెమటలు పట్టాయి. భయంతో కాదు. లింకన్ దగ్గర్నుంచి మొదలుపెడదామని నాలుక చివరిదాకా వచ్చింది, కానీ గ్రీన్‌కార్డుకే పదేళ్ళు పైన ఎదురుచూసిన మా ఆవిడ మొహం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆఫీసరమ్మ కాగితం మీద బాల్‌పెన్నుతో చిన్న ఇంటూ కొట్టి, "పశ్చిమ తీరంలో ఉన్న సముద్రం ఏది?" అంది. పసిఫిక్. ఆరు పూర్తి. పాస్.

నేను లేవలేదు. "ఆ ఇంటూ సరిచేయండి, అడ్రసు కొడితే అర నిమిషం" అన్నాను. "పాసయ్యారు కదా సర్, ఇంకేం కావాలి?" ఇంకేం కావాలో చెబితే అర్థమయ్యేలా లేదు. వచ్చేశాను. స్పీకర్ శనివారం తెల్లవారుజామున, 15వ ఓటింగులో తేలాడు. మా ప్రతినిధి ప్రమాణం చేసిందీ ఆ తర్వాతే.

ఫిబ్రవరిలో ప్రమాణోత్సవం బాగా జరిగింది, జెండా ఇచ్చారు, ఫొటోలు దిగాం. ఓటరు నమోదుకి సర్టిఫికెట్ చూపించి, ఒక ఫారం నింపితే అయిపోయింది.

కార్డు అట్టముక్క అంత ఉంది. వార్డు, స్కూలు, శాసనసభ అన్నీ చిన్నక్షరాల్లో. అందులో ఒక గడి: కాంగ్రెషనల్ 16. ఆ గడి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. గురువుగారు స్పందించారు: "కంగ్రాట్స్ అండీ, పార్టీ ఎప్పుడు?" పీడీఎఫ్‌లో ఇంకా డేవిసే ఉన్నాడు.

మీరు చేయాల్సింది ఒక్కటే. హౌస్ వాళ్ళ వెబ్‌సైట్‌లో జిప్‌తో ఆగకుండా పూర్తి అడ్రసు కొట్టి, ఆ పేజీ ప్రింటు తీసి ఫైల్లో పైనే పెట్టుకోండి. గ్రీన్‌కార్డు కంటే పైన. ఆఫీసరు తల ఊపకపోతే బల్లమీద పెట్టండి. నేను పెట్టనిది ఆ ప్రింటు తీసుకెళ్ళక కాదు, నా బ్యాగుని కింది అంతస్తులో గార్డు దగ్గర పెట్టించారు, ఆ కోపం ఇంకో పోస్టు.

నా మొదటి ఓటు 2023 ఏప్రిల్ 4న, స్థానిక ఎన్నికల్లో. స్కూలు బోర్డు అభ్యర్థుల్లో ఒకాయన నిన్న తలుపు కొట్టి, నా పేరు పలకలేక నాలుగు రకాలుగా పిలిచి, మా పెరట్లోంచి పొలాలు చూసి బాగున్నాయన్నాడు. లాహుడ్‌కి వేయాలో వద్దో తేల్చుకోవడానికి అప్పటికి 2024 నవంబరు దాకా టైముండేది.