గోదారి ఒడ్డు వరద తీశాకే ఎందుకు విరుగుతుంది?

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. బ్యారేజీ నుంచి అప్పుడు సముద్రంలోకి వెళ్లేది సుమారు 17 లక్షల క్యూసెక్కులు. కోనసీమలో అందరి కళ్లూ గట్ల మీదే ఉంటాయి. నీరు తీసి హెచ్చరిక ఎత్తేశాక గట్టు మీద మనిషి ఉండడు. లంకల్లో ఒడ్డు పెళ్లలు పెళ్లలుగా విరిగేది మాత్రం ఎక్కువగా ఆ రోజుల్లోనే.

ఏటిగట్టు వేరు, ఒడ్డు వేరు. ఏటిగట్టు వరద ఊళ్ల మీద పడకుండా మనం పోసుకున్నది. ఒడ్డు నది తెచ్చి పోసిన మట్టి. లంకలు రెండు ఏటిగట్ల నడుమ ఉంటాయి కాబట్టి వాటికి ఉన్నది ఒడ్డు ఒక్కటే. నది గట్టును ఒరుసుకుని పారే చోట ఒడ్డు పోతే తర్వాతి వంతు గట్టుదే.

కొత్తగా విరిగిన ఒడ్డును నీటి వైపు నుంచి చూస్తే సంగతి సగం తెలిసిపోతుంది. పైన రెండు మూడు మీటర్లు గోధుమరంగు ఒండ్రు, జిగురున్న మట్టి, గోడలా నిలువుగా నిలబడుతుంది. దాని కింద బూడిదరంగు సన్న ఇసుక. రెండూ కలిసే గీత దగ్గర తడి చారిక, అక్కడి నుంచి నీరు ఊరుతూ ఇసుక రేణువులను వెంట దొర్లించుకుపోతుంటుంది. ఇసుక ఖాళీ అయిన కొద్దీ పైమట్టి చూరులా ముందుకు వేలాడుతుంది. దాని బరువు అది మోయలేని రోజున పడిపోతుంది.

వరద నిండుగా ఉన్నంతసేపు నదిలో నీరే ఒడ్డుకు ఎదురు ఒత్తిడి ఇచ్చి నిలబెడుతుంది. ఈలోగా మట్టి నీరు తాగుతుంది. నది చకచకా తీసేస్తే ఆ ఆసరా పోతుంది, లోపలి నీరు మాత్రం అంత తొందరగా బయటికి రాదు. తడిసిన మట్టి ఘనపు మీటరుకు దాదాపు 2 టన్నులు. 5 మీటర్ల ఎత్తున్న ఒడ్డులో మీటరు వెడల్పు పెళ్ల అంటే ప్రతి మీటరు పొడవుకూ 10 టన్నులు. పైగా లోపలి నీటి ఒత్తిడి మట్టి రేణువుల మధ్య పట్టును సడలిస్తుంది. అందుకే 1986 ఆగస్టు నాటి పెద్ద వరదలాంటిదే రానక్కర్లేదు. మధ్యరకం వరద రోజుల తరబడి నిలిచి ఒక్కసారిగా తీసినా ఎకరాలు పోతాయి.

కోత ఎక్కడ పడుతుందో నది వంపే చెబుతుంది. వంపు బయటి వైపు వడి ఎక్కువ. పైనీరు ఒడ్డుకు కొట్టి కిందికి దిగి, అడుగు ఇసుకను లోపలి వైపుకు నెడుతుంది. అందుకే ఒకరి లంక కోసుకుపోతుంటే ఎదుటి వాళ్లకు మేట వేస్తుంది. నడి ఏట్లో మేట లేచినా అంతే, పాయ చీలి రెండు ఒడ్ల మీదికీ ఒరుగుతుంది. ఒడ్డు పాదం దగ్గర ఇసుక తవ్వితే నది చేయాల్సిన పనిని మనమే చేసిపెట్టినట్టు. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది కాబట్టి పోయిన లంక మళ్లీ పూడడమూ మునుపటంత సులువు కాదు.

కొబ్బరిచెట్లు ఒడ్డును పట్టి ఉంచుతాయన్నది మన దగ్గర గట్టి నమ్మకం. వాటి వేళ్లు ఎక్కువ భాగం పైన మీటరు, మీటరున్నరలోనే అల్లుకుంటాయి. కోత పడేది అంతకు చాలా కింద. అంచున ఉన్న చెట్టు గాలికి ఊగుతూ నేలలో పడ్డ బీటను ఇంకా తెరుస్తుంది. రెల్లు, వట్టివేరు వాన కోతకు బాగా పనికొస్తాయి, పాదం కోతకు కాదు.

మరమ్మతు ఎప్పుడూ కింది నుంచి మొదలవ్వాలి. పైన ఎంత అందంగా రాయి పేర్చినా పాదం కింద ఇసుక జారితే రివిట్‌మెంట్ (వాలు మీద పేర్చిన రాతి కట్టడం) మొత్తం కూర్చుంటుంది. అందుకే పాదం ముందు నది అడుగున వదులు రాయి పరుస్తారు, దాన్నే లాంచింగ్ ఏప్రన్ అంటారు. కోత లోతుకు దిగినప్పుడు ఆ రాయి దానంతట అదే జారి వాలును కప్పుతుంది. సిమెంటుతో బిగిస్తే జారదు, కింద డొల్లయి విరుగుతుంది.

లెక్క ఇలా వేస్తారు. మీటరు వెడల్పుకు సెకనుకు 15 ఘనపు మీటర్లు పారుతూ, ఇసుక 0.25 మిల్లీమీటర్లది అయితే, నది అడుగు ఎంత లోతు కోసుకుపోతుందో అంచనా వేసే లేసీ సూత్రం ప్రకారం కోత లోతు సుమారు 8.6 మీటర్లు. ఓ మోస్తరు వంపులో దాన్ని ఒకటిన్నర రెట్లు చేయాలి, అంటే వరద మట్టం నుంచి దాదాపు 13 మీటర్లు. రాయి పరిచే మట్టం వరద మట్టానికి 7 మీటర్ల కింద ఉంటే, దాని దిగువన ఇంకా 6 మీటర్లు కోసుకుపోవచ్చు. పరిచే రాయి వెడల్పు దానికి ఒకటిన్నర రెట్లు, 9 మీటర్లు. రాయి జారి రెండుకు ఒకటి (అడ్డం రెండు, నిలువు ఒకటి) వాలు మీద 90 సెంటీమీటర్ల మందం రావాలంటే, పావు వంతు అదనం కలుపుకుని మీటరు పొడవుకు సుమారు 15 ఘనపు మీటర్ల రాయి, మన లెక్కలో (యూనిట్ అంటే వంద ఘనపు అడుగులు) ఐదు యూనిట్ల పైచిలుకు. ఖర్చు అంచనాల్లో మొదట తగ్గించేది ఈ రాయినే, ఎందుకంటే నీటి కింద ఉన్నది ఎవరికీ కనిపించదు.

పై వాలు రెండుకు ఒకటి కన్నా నిటారుగా ఉండకూడదు. రాయి కింద కంకర ఫిల్టర్ గానీ జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) గానీ తప్పనిసరి, లేకపోతే లోపలి నీరు బయటికి వస్తూ సందుల్లోంచి మట్టిని లాగేస్తుంది. గ్రోయిన్లు (ఒడ్డు నుంచి నదిలోకి అడ్డంగా కట్టే రాతి కట్టలు) ఒంటరిగా కట్టకూడదు, వరసగా కట్టాలి, వాటి మధ్య దూరం పొడవుకు రెండు, రెండున్నర రెట్లు. గ్రోయిన్ ముక్కు, అంటే నదిలోకి ఉన్న కొస దగ్గర సుడి తిరిగి అన్నిటికన్నా లోతైన గుంట పడుతుంది, ఎక్కువ రాయి అక్కడే కావాలి. అంతర్వేది, యానాం వైపు ఉప్పునీటిలో రాయి నింపిన తీగబోనులు తుప్పు పట్టి తెగిపోతాయి, అక్కడ పెద్ద రాయే నయం.

లంక రైతు చేయగలిగింది కొలవడం. అంచు నుంచి 10, 20 మీటర్ల దూరంలో కొయ్యలు పాతి, ఎర్రనీరు రాకముందు ఒకసారి, తీశాక ఒకసారి దూరం రాసుకోవాలి. వేసవిలో నాటు పడవ మీద వెళ్లి, రాయి కట్టిన తాడుతో ఒడ్డు నుంచి 2, 5, 10 మీటర్ల దగ్గర లోతు చూడాలి. 5 మీటర్ల దగ్గర లోతు ఏటికేడు పెరుగుతుంటే పైన ఒక్క బీట లేకపోయినా అర్జీ పెట్టాల్సిన సమయం అదే, రాయి దింపడానికి అనువైన కాలమూ అదే. ఇక అంచుకు సమాంతరంగా బీట కనిపిస్తే మోటారు షెడ్డు, పశువుల పాక వెంటనే వెనక్కి జరపండి. బీటలోకి వాన నీరు దిగకుండా మట్టితో పూడ్చి, బీటకూ నదికీ మధ్య ఎవరినీ నిలబడనివ్వకండి.